కొమ్ము తట్టి చూడని రోజు: ఒక దాపటెద్దు కేసు

పశువు నాటు ఎద్దు. తెల్లది. పళ్లను బట్టి ఎనిమిదేళ్లు, ఛాతీ చుట్టుకొలత టేపుతో లెక్కేస్తే 280 కిలోలు. ఊరు విజయనగరం జిల్లాలో, చీపురుపల్లి నుంచి రాజాం వెళ్లే దారికి కాస్త లోపలగా ఉంటుంది. నేను మొదట చూసింది 2023 నవంబరు 20న, చివరిసారి చూసింది 2024 డిసెంబరులో. రోగం కొమ్ము క్యాన్సర్. మొదటి రోజు నేను దాన్ని గుర్తుపట్టలేదు. ఈ కేసు రాయడానికి ముఖ్య కారణం అదే.

పెయ్య కోసం వెళ్లాను

ఆ రోజు కార్తీక సోమవారం. పొద్దున్నే రైతు భరోసా కేంద్రం నుంచి పశుసంవర్ధక సహాయకురాలు ఫోన్ చేసింది. "మేడమ్, ఒక పెయ్యకి మెడంతా గడ్డలు. లంపీ వచ్చేసిందని ఊరంతా టెన్షన్ పడుతున్నారు." 2022లో లంపీ స్కిన్ అనే గడ్డల అంటురోగం దేశంలో ఎన్ని పశువులను పొట్టన పెట్టుకుందో అందరికీ గుర్తే. అందుకే ఆ మాట వినగానే ఓపీ ముగించుకుని బయలుదేరాను.

పద్నాలుగు నెలల జెర్సీ క్రాస్ పెయ్య. సాల ముందు వేపచెట్టుకి కట్టి ఉంది. నన్ను చూడగానే గడ్డి నములుతూనే చెవులు రిక్కించింది. లంపీ పట్టిన పశువు అలా నమలదు. థర్మామీటరు పెడితే 101.4 డిగ్రీలు, అంటే జ్వరం లేదు. దవడ కింద, మెడకి రెండు పక్కలా, జబ్బ మీద ఇరవైకి పైగా గడ్డలు. చిన్నవి బఠాణీ గింజంత, పెద్దది నిమ్మకాయంత. దగ్గరగా వంగి చూస్తే పైభాగం గరుకుగా, చిన్న కాలీఫ్లవర్ పువ్వులా విచ్చుకుని ఉంది. వేలితో పక్కకి నెడితే సన్నటి కాడ మీద అటూ ఇటూ ఊగింది. చర్మం మీద మొలిచిందే తప్ప చర్మంలోకి దిగలేదు.

లంపీ గడ్డ అలా ఉండదు. రూపాయి బిళ్లని చర్మం కింద దూర్చి పైనుంచి నొక్కినట్టు గుండ్రంగా, గట్టిగా, అంచు తెలిసేలా ఉంటుంది. చర్మం మందమంతా పట్టేస్తుంది. పట్టుకుని కదిపితే చర్మంతో పాటే కదులుతుంది. గడ్డల కంటే ముందే 104, 105 జ్వరం వస్తుంది. జబ్బ ముందుండే బిళ్ల, అంటే లింఫ్ గ్రంథి, ఉబ్బుతుంది, కాళ్లు వాస్తాయి, మేత మానేస్తుంది. రెండు మూడు రోజుల్లోనే ఒళ్లంతా లేస్తాయి. ఈ పెయ్యకి గడ్డలు మొదలై రెండు నెలలు దాటిందని రైతే చెప్పాడు. ఇవి పులిపిర్లు. పాపిల్లోమా వైరస్ వల్ల వస్తాయి. రెండేళ్ల లోపు దూడల్లో ఎక్కువ. పలుపు తాడు ఒరుసుకున్న చోట, కంచె గీరుకున్న చోట వైరస్ లోపలికి దారి చేసుకుంటుంది. పశువు ఒంట్లో దానికి ఎదురు శక్తి పుట్టాక, చాలా దూడల్లో ఏడాది లోపు వాటంతటవే ఎండి రాలిపోతాయి.

"సున్నం పెట్టీమంటారా డాక్టరమ్మా?" అని రైతు అడిగాడు. వద్దన్నాను. వాత కూడా వద్దన్నాను. ఈ పెయ్య తాడు ఇంకో దూడకి కట్టొద్దని, రుద్దే బ్రష్ కూడా వేరుగా ఉంచమని చెప్పాను. చనుకట్ల మీద మొలిస్తే మాత్రం వెంటనే కబురు చెయ్యమన్నాను. ఇంట్లోవాళ్ల ముఖాలు తేటపడ్డాయి. మామ్మ చెంబుతో నీళ్లు తెచ్చి నా చేతుల మీద పోసింది.

ఆ చేతులు కడుక్కుంటున్నప్పుడే ఎద్దును చూశాను. పక్క గుంజకి కట్టి ఉన్న జోడులో దాపటిది, అంటే కాడికి ఎడమ పక్క కట్టేది, తల కొద్దిగా ఎడమకి వాల్చి నిలబడింది. ఉండుండి తల విదిలించి, ఎడమ కొమ్ము మొదలుని గుంజకేసి రుద్దుకుంటోంది. "దానికేమైంది తాతా?" అన్నాను. "పొడుచుకున్నాయమ్మా. ఎలపటెద్దు కొమ్ము తగిలీసింది. ఏటవదు." వెళ్లి కొమ్ము మొదలు పట్టుకుని చూశాను. కొంచెం వెచ్చగా అనిపించింది. పైకి గాయమేమీ లేదు. దెబ్బ నొప్పి అయి ఉంటుందనుకుని నొప్పి తగ్గించే మెలాక్సికామ్ ఇంజెక్షన్ చేశాను. మరో రెండు రోజులు చెయ్యమని సహాయకురాలికి చెప్పి వచ్చేశాను.

కొమ్ము తట్టి చూడలేదు. కుడి కొమ్ముతో పోల్చి చూడలేదు. ముక్కు రంధ్రంలోకి తొంగి చూడలేదు. మూడూ కలిపినా రెండు నిమిషాల పని. లంపీ కాదని తేలిన సంతోషంలో నా చూపు అక్కడితో ఆగిపోయింది. ఆ ఇంట్లో కంటికి భయంకరంగా కనిపించినది నిరపాయకరమైనది. అసలు ప్రమాదం పక్క గుంజ దగ్గర చక్కటి చర్మం కింద, చక్కటి కొమ్ము లోపల కూర్చుని ఉంది.

ఇరవై ఒక్క రోజుల తర్వాత

డిసెంబరు మొదటి వారం మిచాంగ్ తుపాను భయంతో ఊళ్లన్నీ కోసిన వరిని కుప్పలెయ్యడంలో, టార్పాలిన్లు కప్పడంలో మునిగిపోయాయి. ఆ హడావిడిలో ఎద్దును ఎవరూ పట్టించుకోలేదంటే తప్పు పట్టలేను. డిసెంబరు 11న కబురొచ్చింది. "ముక్కులోంచి నెత్తురొస్తంది డాక్టరమ్మా. జలగ పట్టీసినట్టుంది."

ఈసారి ఎద్దు దగ్గరకి వెళ్లే ముందు పది అడుగుల దూరంలో ఎదురుగా నిలబడి చూశాను. ఈ అలవాటు ఉద్యోగంలో కొత్తగా చేరినప్పుడు ఉండేది, మధ్యలో పోయింది. ఎదురుగా చూస్తే ఎడమ కొమ్ము కుడిదాని కంటే రెండు వేళ్లు కిందకి వాలి ఉంది. పక్క నుంచి చూస్తే తెలియదు. ఎడమ ముక్కు రంధ్రం నుంచి సన్నటి చీముతో కలిసిన పల్చటి రక్తం. కుడి రంధ్రం శుభ్రంగా ఉంది. కొమ్ము మొదలు దగ్గర రెండు వాతలు. వారం కిందట ఎవరో పెట్టారట. వాత పొక్కు పక్కన బొటనవేలితో నొక్కితే చర్మం కింద గట్టి ఎముక తగలాల్సిన చోట మెత్తగా దిగింది. వెలగపండు ఒక పక్క మగ్గిపోతే ఎలా దిగుతుందో అలా. ఎద్దు ఒక్కసారిగా తల వెనక్కి లాక్కుంది.

అప్పుడు కొమ్ము తట్టాను. ముందు కుడిది. వేలి మెటికతో తడితే ఖాళీ కుండలా మోగింది. తర్వాత ఎడమది. చివర దగ్గర మోగింది. కిందకి వచ్చేకొద్దీ మోత తగ్గి, మొదలు దగ్గరకి వచ్చేసరికి నీళ్లు నిండిన కుండలా దబ్‌మని మొద్దుగా వినిపించింది. రైతుని పిలిచి ఆయన చేత కూడా తట్టించాను. ఆయన రెండుసార్లు అటూ ఇటూ తట్టి నా ముఖం వైపు చూశాడు. ఏమీ అనలేదు.

పశువు కొమ్ము పైన కనిపించేది గట్టి తొడుగు. లోపల ఎముక ఉంటుంది. ఆ ఎముక గుల్ల. నుదుటి ఎముకలోని గాలి గది పెద్ద పశువుల్లో కొమ్ము లోపలికి సాగి ఉంటుంది, ఆ గదికి ముక్కులోకి దారి ఉంటుంది. ఆరోగ్యంగా ఉన్న కొమ్ము మోగడానికి కారణం ఆ గాలే. లోపల కణితి పెరిగితే గాలి ఉండే చోటు మాంసంతో నిండుతుంది, మోత పోతుంది. కణితి నుంచి కారిన రక్తం గాలి గదిలోంచి అదే వైపు ముక్కు రంధ్రంలోకి దిగుతుంది. అందుకే ఒక్క ముక్కు రంధ్రం నుంచి రక్తం వస్తున్న ఎద్దును చూడగానే మన చెయ్యి ముందు అదే వైపు కొమ్ము మీదకి వెళ్లాలి.

అలాగని ముక్కు రక్తమంతా కొమ్ము క్యాన్సర్ కాదు. మన చెరువు గట్ల ఊళ్లలో గురక రోగం ఉంది. నత్తల ద్వారా వచ్చే షిస్టోసోమా పురుగు ముక్కు పొరల్లో చేరి లోపల గడ్డలు లేపుతుంది. కానీ అందులో పశువు గురక పెడుతూ ఊపిరి తీస్తుంది, సాధారణంగా రెండు రంధ్రాలూ పడతాయి. ఈ ఎద్దు ఊపిరి ప్రశాంతంగా ఉంది. టార్చి వేసి చూస్తే ముక్కు లోపల గడ్డలేమీ లేవు, జలగా లేదు. జలగ పడితే రక్తం తాజాగా, ఎర్రగా వస్తుంది, ఇలా వాసన రాదు. ఈ రక్తంలో కుళ్లిన వాసన ఉంది. కొమ్ము విరిగిందా అనుకుంటే, విరిగిన కొమ్ము ఊగుతుంది, ఒక్క రోజులో జరుగుతుంది, వారాల తరబడి మెల్లగా వాలదు. కొమ్ములో చీము పట్టడం ఒక్కటే గట్టిగా అనుమానించాల్సిన రెండోది. దానికి మొద్దు శబ్దమూ ఉంటుంది, వాసనా ఉంటుంది, ఒక్క రంధ్రమే కారుతుంది. చేత్తో ఆ రెండింటినీ విడదీయలేం. సూది కావాలి.

సూది, గాజు పలక

వాతలకి దూరంగా, మెత్తగా ఉన్న చోట వెంట్రుకలు గొరిగి, అయోడిన్ రాసి, 18 గేజి సూది దింపాను. ఎముక తగలకుండానే లోపలికి వెళ్లింది. సిరంజిలోకి చీము వస్తే ఊపిరి పీల్చుకునేదాన్ని. రక్తంతో కలిసిన బూడిద రంగు పలుకులు వచ్చాయి. మూడు గాజు పలకల మీద పరిచి గాలికి ఆరబెట్టాను. చెవి కింద ఉండే బిళ్ల కొంచెం ఉబ్బి ఉంటే దాంట్లోంచి కూడా వేరే సూదితో ఒక పలక తీశాను.

సాయంత్రం ఆసుపత్రిలో జీమ్సా రంగు వేసి చూశాను. కొమ్ము పలకల మీద పొరకణాలు గుంపులుగా ఉన్నాయి. ఒకదానికొకటి సైజులో పొత్తు లేదు. కొన్నింటిలో కేంద్రకం కణంలో సగానికి పైగా ఆక్రమించింది, కొన్నింటిలో రెండేసి ఉన్నాయి. కొన్ని కణాల చుట్టూ గాజులాంటి లేత నీలం, అంటే కొమ్ముకి గట్టిదనమిచ్చే కెరాటిన్ పట్టడం. చుట్టూ చీము కణాలు కూడా చాలా ఉన్నాయి. ఇక్కడ తొందరపడకూడదు. చీములో నానిన మామూలు పొరకణాలు కూడా వికారంగా మారి క్యాన్సర్ కణాల్లా కనిపిస్తాయి. అయితే ఇన్ని గుంపులు, ఇంత తేడా, దానికి తోడు చేతికి తగిలిన మెత్తదనం, వాలిన కొమ్ము ఉన్నాయి. ముక్క పరీక్ష ఫలితం వచ్చేదాకా ఇది పొలుసు కణ క్యాన్సర్ అనుకునే నడవాలని నిర్ణయించుకున్నాను. బిళ్లలోంచి తీసిన పలక మీద లింఫ్ కణాలే ఉన్నాయి. క్యాన్సర్ కణాలు నాకు కనబడలేదు. ఆ రాత్రికి అదొక్కటే మంచి వార్త.

కొమ్ము క్యాన్సర్ ఎక్కువగా మన దేశపు మూపురం ఉన్న జాతుల్లోనే కనిపిస్తుంది. ఎద్దుల్లో ఎక్కువ, ఆవుల్లో తక్కువ, విత్తనం తీయని ఆబోతుల్లో చాలా అరుదు. అయిదు నుంచి పదేళ్ల వయసులో, దాదాపు ఎప్పుడూ ఒక్క కొమ్ముకే వస్తుంది. కొమ్ములు చెక్కడం, రంగులు పూయడం, తాళ్ల ఒరిపిడి, ఎండ, విత్తనం తీశాక హార్మోన్లలో వచ్చే తేడా, ఇలా చాలా కారణాలను అనుమానిస్తారు. ఏ ఒక్కటీ కచ్చితంగా రుజువు కాలేదు. నా మట్టుకు నేను, గాజు పెంకుతో కొమ్ములు గీకి నున్న చేసే పని మానమని ప్రతి రైతుకీ చెబుతాను. దానివల్ల పశువుకి మేలేమీ లేదు, లోపలి పొర దాకా చెక్కితే కీడు ఉండొచ్చు.

రైతుతో మాట

మర్నాడు వెళ్లి అరుగు మీద కూర్చుని ఉన్నదున్నట్టు చెప్పాను. ఇది దెబ్బ కాదు, క్యాన్సరని అనుమానం. కొమ్ము మొదలంటా తీసెయ్యాలి. తీశాక క్యాన్సర్ మందు ఇంజెక్షన్లు వారానికొకటి ఇవ్వాలి. వదిలేస్తే కొన్ని నెలల్లో కొమ్ము ఊడి, పువ్వులా కణితి బయటకి వచ్చి, పురుగులు పడి, ఎద్దు తిండి మాని చిక్కి చనిపోతుంది. తీసినా తిరగబెట్టదని మాట ఇవ్వలేను. మొదటిసారి వచ్చినప్పుడు నేను సరిగ్గా చూడలేదని, ఆ రోజే తట్టి ఉంటే మూడు వారాలు ముందు తెలిసేదని కూడా చెప్పాను. ఆ మాట చెప్పకుండా కొమ్ము కోస్తానని అడిగే హక్కు నాకు లేదనిపించింది.

పెద్దాయన చాలాసేపు మాట్లాడలేదు. కొడుకు మానాపురం పశువుల సంత మాట ఎత్తాడు. ముక్కు రక్తం ఆగిన రోజు చూసి తోలేస్తే ఎంతో కొంత వస్తుందన్నాడు. మామ్మ గుమ్మంలోంచే "నోర్ముయ్" అంది. పక్కింటాయన ఒక మంచి ప్రశ్న వేశాడు. "వీధి కుక్కకి కింద గడ్డ కట్టి నెత్తురు కారితే మీరు ఇంజెక్షన్లు చేసి తగ్గించినారు కదమ్మా. దీనికీ అవే చేసీండి. కొయ్యడమెందుకు?"

ఆయన అన్నది నిజమే. కుక్కల్లో జతకట్టడం ద్వారా అంటుకునే ఆ కణితికి వాడేది ఇదే మందు, విన్‌క్రిస్టిన్. మోతాదు కూడా దగ్గర దగ్గర ఇంతే. వారానికొకటి చొప్పున నాలుగైదు ఇంజెక్షన్లతో ఎక్కువ కుక్కల్లో కణితి పూర్తిగా కరిగిపోతుంది. కానీ అది వేరే రకం కణితి. ఒక కుక్క నుంచి ఇంకో కుక్కకి కణాలే పాకి పెరిగేది. ఈ మందుకి తేలిగ్గా లొంగుతుంది. కొమ్ములోది అంతగా లొంగదు, మందు ఒక్కటే ఇస్తే కొన్నాళ్లు కుంగి మళ్లీ లేస్తుంది. ముందు కణితిని కోసి బరువు తగ్గించి, మిగిలిన వాటి మీదకి మందు పంపాలి. ఇలాగే చెప్పాను. అర్థమైంది.

చివరికి పెద్దాయన అడిగింది ఒక్కటే. "కొమ్ము తీసీత్తే మరి ఎద్దు ఎద్దులాగుంటాదా అమ్మా?" ఒంటికొమ్ముతో ఉంటుంది తాతా, కాడి కట్టొచ్చు అన్నాను. తలూపాడు.

కోత

డిసెంబరు 18 పొద్దున్న చేశాం. చలికాలం కావడం మా అదృష్టం. ఈగలు తక్కువ. ముందు రోజంతా మేత ఆపించాం, రాత్రి నుంచి నీళ్లు కూడా. మత్తుకి జైలజిన్ కిలోకు 0.05 మిల్లీగ్రాముల చొప్పున 14 మిల్లీగ్రాములు కండకి ఇచ్చి, గడ్డి పరిచిన నేల మీద ఎద్దును కుడి పక్కకి పడుకోబెట్టాం. కడుపు ఉబ్బకుండా ఛాతీ కింద గడ్డి మోపు పెట్టి కాస్త నిటారుగా ఉంచాం. కంటి బయటి మూలకీ కొమ్ము మొదలుకీ మధ్య, ఎముక గట్టు కింద, ఆ చోటును మొద్దుబార్చే 2 శాతం లిగ్నోకైన్ 10 మిల్లీలీటర్లు ఇచ్చి, కొమ్ము చుట్టూ చర్మం కింద కూడా ఇచ్చాను. కణితి ఉన్న కొమ్ముకి ఒక్క నరం మొద్దుబారితే చాలదు. సూదితో గుచ్చి చూసి, ఎద్దు కదలడం లేదని నమ్మకం కుదిరాకే కత్తి పట్టాను.

కొమ్ము మొదలుకి వేలెడు దూరం వదిలి చర్మం కోసి, వెనక్కి విడదీసి, పుర్రెకి ఆనించి వైరు రంపంతో కోశాం. సహాయకురాలు ఒక కొన, మా అటెండరు ఇంకో కొన పట్టుకుని లాగారు. మామూలుగా ఎముక కోస్తుంటే రంపం కరకరమంటుంది. ఇక్కడ మొదట రెండు వేళ్ల మేర ఆ శబ్దమే లేదు. తడి గుడ్డను కోస్తున్నట్టు దిగిపోయింది. రక్తనాళాలు మూడు ముడి వేశాను. కొమ్ము చేతిలోకి వచ్చాక తిప్పి చూస్తే, లోపల ఎముక ఉండాల్సిన చోట గులాబీ, బూడిద రంగులు కలిసిన కండ, వేళ్లతో నొక్కితే రాలిపోయేది, చిటికెన వేలంత మేర గాలి గది వైపు సాగి ఉంది. అంచుల్లో కనిపించిందంతా గీరి తీశాను. పల్చటి పోవిడోన్ అయోడిన్‌తో గది కడిగి, చర్మం దగ్గరకి లాగి నైలాన్‌తో కుట్టాను. కట్టు జారకుండా కుడి కొమ్ముకి ఎనిమిది అంకెలా చుట్టాం. గంటన్నర పట్టింది.

కొమ్ము ముక్కలు 10 శాతం ఫార్మలిన్‌లో వేసి గరివిడి పశువైద్య కళాశాలకి పంపాను. మాకు దగ్గర్లోనే ఆ కళాశాల ఉండటం ఈ ప్రాంతపు డాక్టర్లకి పెద్ద అండ. డిసెంబరు 27న రిపోర్టు వచ్చింది. ఉల్లిపాయ పొరల్లా ఒకదాని చుట్టూ ఒకటి చుట్టుకున్న కెరాటిన్ ముత్యాలు, పొలుసు కణ క్యాన్సర్.

తర్వాతి రోజులు

యాంటీబయాటిక్ స్ట్రెప్టోపెనిసిలిన్ అయిదు రోజులు, మెలాక్సికామ్ మూడు రోజులు, ధనుర్వాతం టీకా. మూడో రోజుకి ఎద్దు గడ్డి తిన్నది. ఆరో రోజు కుట్ల వరసలో వెనక పక్క ఒక వేలి వెడల్పు విచ్చుకుంది. రెండు ఈగ గుడ్ల గుత్తులు కనిపించాయి. గిల్లి తీసి, చుట్టూ వేపనూనె రాసి, రోజూ కడిగించాం. పురుగు పట్టకముందే చూసింది మామ్మ. ఆమె రోజూ పొద్దున్నా సాయంత్రం కట్టు వాసన చూసేది. వాసన మారితే ఫోన్ చెయ్యమని నేను చెప్పిన ఒక్క మాటను ఆమె చివరిదాకా పట్టుకుంది.

విన్‌క్రిస్టిన్ కిలోకు 0.025 మిల్లీగ్రాముల లెక్కన 7 మిల్లీగ్రాములు, సెలైన్‌లో కలిపి మెడ రక్తనాళంలోకి. డిసెంబరు 28, జనవరి 4, జనవరి 11. మూడుసార్లు. ఈ మందు రక్తనాళం బయటకి చుక్క పడినా ఆ చోట కండ చచ్చి కుళ్లిపోతుంది. అందుకని ప్రతిసారీ కాన్యులా పెట్టి, ముందు ఉత్త సెలైన్ పంపి చూసి, తర్వాతే మందు కలిపాను. చేతికి రెండు జతల గ్లవ్స్. ఇంట్లో కోడలు నెలలు నిండుతున్న మనిషి. ఇంజెక్షన్ చేసిన తర్వాత మూడు రోజులు ఆమెను సాల వైపు రానివ్వొద్దని, పేడ, మూత్రం ఎవరూ ఒట్టి చేతులతో ఎత్తొద్దని గట్టిగా చెప్పాను. ఇంజెక్షన్ల ముందు రక్తంలో తెల్ల కణాలు లెక్కించాం. పశువుల్లో మైక్రోలీటరుకి 4,000 నుంచి 12,000 దాకా ఉండాలి. మూడో ఇంజెక్షన్‌కి ముందు 4,600కి పడింది. ఇంకా తగ్గి ఉంటే వారం ఆపేదాన్ని. రెండో ఇంజెక్షన్ తర్వాత రెండు రోజులు మేత తగ్గించింది. బెల్లం కలిపిన తవుడు పెడితే తిన్నది. ఈ మందు గాయం మానడాన్ని ఆలస్యం చేస్తుంది కాబట్టి కుట్లు పదిహేడో రోజున, జనవరి 4న విప్పాను.

కనుమ రోజు పొద్దున్నే ఫోన్. "డాక్టరమ్మా, ఉన్న కొమ్ముకి రంగెయ్యొచ్చా?" గీకొద్దు తాతా, పసుపు, కుంకుమ పెట్టండి చాలు అన్నాను. ఆ సాయంత్రం కొడుకు ఫోటో పంపాడు. ఎడమ పక్క మానిన మచ్చ మీద కూడా పసుపు రాశారు.

ఆ మూడు వారాలు

ఈ కేసులో ఎద్దు నిలబడింది కాబట్టి ఆ మూడు వారాల ఆలస్యం లెక్కలోకి రాదని కొందరు తోటి డాక్టర్లు అన్నారు. నేను ఒప్పుకోను. నవంబరు 20న నేను చూసినంతలో కొమ్ము వాలినట్టు లేదు, మొదలు మెత్తబడలేదు, ముక్కు రక్తం కనబడలేదు. ఆ దశలో కోసి ఉంటే కణితి బహుశా కొమ్ము లోపలే ఉండేది. డిసెంబరు 18న అది గాలి గదిలోకి అడుగు పెట్టింది. ఇంకో నెల ఆగితే బిళ్లలోకి చేరేదేమో. తల విదిలించడం, కొమ్ము రుద్దుకోవడం, తల ఒక పక్కకి వాల్చడం, మొదలు వెచ్చబడటం, ఈ నాలుగూ పుస్తకాల్లో మొదటి దశ లక్షణాలుగానే ఉన్నాయి. నాలుగూ ఆ రోజు నా కళ్ల ముందే ఉన్నాయి. రైతు చెప్పిన కారణం నమ్మదగ్గదిగా ఉంది, నేను దాన్ని నమ్మేశాను. ఎద్దులు నిజంగానే పొడుచుకుని ఉండొచ్చు. పొడుచుకున్న ఎద్దుకి క్యాన్సర్ ఉండకూడదని లేదు కదా.

అప్పటినుంచి నా సంచిలో మూడు వస్తువులు ఎప్పుడూ ఉంటున్నాయి. గాజు పలకల డబ్బా, 18 గేజి సూదులు, చిన్న సీసాలో ఫార్మలిన్. వాటివల్లే 2024 వేసవిలో ఒక తెల్ల రెప్పల హెచ్ఎఫ్ (హోల్‌స్టీన్ ఫ్రీజియన్) క్రాస్ ఆవు మూడో రెప్ప మీద శనగగింజంత గులాబీ మొలకను చూసినప్పుడు కంటి చుక్కలతో సరిపెట్టలేదు. పలక తీశాను. అదీ పొలుసు కణ క్యాన్సరే. మూడో రెప్పను మత్తు చుక్కలతో, లిగ్నోకైన్‌తో అక్కడే నిలబెట్టి కోసేశాను, పావుగంట పని. కన్ను నిలిచింది. మూడు వారాల మందుకి మానని పుండు ఏదైనా, రక్తం చిమ్మే గడ్డ ఏదైనా, ఒక వైపు మాత్రమే కారేది ఏదైనా వస్తే, మందు మార్చే ముందు పలక తీస్తున్నాను. జిల్లాలో కొత్తగా చేరే డాక్టర్లకీ, గ్రామాల్లో పనిచేసే సహాయకులకీ నేను అడిగేది చాలా చిన్న పని. టీకాల కోసం సాలలోకి వెళ్లినప్పుడు అయిదేళ్లు దాటిన ప్రతి ఎద్దు రెండు కొమ్ములూ ఒకసారి తట్టండి. ముందు ఒకటి, తర్వాత రెండోది. చెవికి తేడా తెలుస్తుంది.

చివరి పరీక్ష

మార్చి నుంచి ఎద్దును తేలిక పనులకి కట్టారు. జూన్‌లో దుక్కికి కట్టారు. ప్రతి రెండు నెలలకీ ఎవరైనా ఒకరం వెళ్లి మచ్చ తడిమి, చెవి కింది బిళ్ల పట్టుకుని, ముక్కు చూసి వస్తున్నాం. 2024 డిసెంబరులో వెళ్లినప్పుడు మచ్చ గట్టిగా, ఎముకకి అంటుకుని ఉంది. బిళ్ల రెండు వైపులా ఒకే సైజు. ముక్కు పొడిగా, శుభ్రంగా ఉంది. బరువు 305 కిలోలు. కుడి కొమ్ము తట్టాను. మోగింది. నేను చెయ్యి తియ్యకముందే పెద్దాయన ఎలపటెద్దు దగ్గరకి వెళ్లి దాని రెండు కొమ్ములూ తట్టాడు.

వచ్చేటప్పుడు వేపచెట్టు కింద పెయ్యను చూశాను. ఇప్పుడది చూలు. మెడ మీద, దవడ కింద, జబ్బ మీద చేత్తో నిమిరి చూశాను. ఒక్క పులిపిరీ లేదు. మందేమీ వెయ్యలేదట. వేసవిలోనే రాలిపోయాయని మామ్మ చెప్పింది.